యల్లప్ప గీసిన కొంగు

ధర్మవరం పట్టుచీర మీద ఏ పువ్వు ఎక్కడ పడాలో మగ్గానికి చెప్పేవి రంధ్రాలు పొడిచిన అట్టలు. ఆ రంధ్రాలు ఎక్కడెక్కడ పడాలో గళ్ల కాగితం మీద గీసిచ్చేవాడు డిజైనరు. మా వీధిలో ఆ పని జయరాముడిది. వాడికి ముందు వాళ్ల నాయన యల్లప్పది. నేను చెన్నప్పను, వాడి ఎదురింట్లో మగ్గం నేస్తాను. చిన్నప్పటి నుంచీ వాడితో పోట్లాడుతూనే ఉన్నాను కాబట్టి వాడి గురించి చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంటుంది?

యల్లప్ప ఆఖరున గీసింది ఒక కొంగు. ఎదురెదురుగా రెండు నెమళ్లు, వాటి మధ్య గొలుసు, గొలుసు కడియం కడియానికీ ఒక మొగ్గ. ఏ మొగ్గా ఇంకో మొగ్గలా ఉండదు. అది గీశాక ఆయన మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు. జయరాముడు ఆ కొంగును ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నేను బతిమాలి, తిట్టి, అలిగి ఒక్క చీరకు మాత్రం ఇప్పించుకున్నాను. ఆ చీరను హిందూపురం నారాయణమ్మ మా ఇంటికే వచ్చి కొనుక్కుపోయింది.

తొంభైల చివర్లో జయరాముడు కంప్యూటరు కొన్నాడు. డిజైన్ల సాఫ్ట్‌వేరు అమ్మడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి, "ఒక్కసారి కొంటే చాలు సార్, జన్మంతా మీదే" అన్నాడు. కంప్యూటరు వెనక బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క బిగించాడు. దాని పేరు లాక్. అది ఉంటేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుందట. జయరాముడు తనవీ, వాళ్ల నాయనవీ డిజైన్లన్నీ అందులోకి ఎక్కించి, కాగితాల కట్టలు, నా చీరకు పొడిచిన ఆ కొంగు అట్టలతో సహా, వసారాలో పడేశాడు. వాటిని చెదలు తినేశాయి.

"పోతే పోనీలేబ్బా, అంతా దీంట్లో ఉండాది కదా" అని నవ్వాడు వెధవ. నాకు ఒళ్లు మండింది.

కొన్నేళ్లు బాగానే గడిచింది. ఒక ఆయుధపూజ రోజు మేమంతా మగ్గాలు తుడిచి, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలు కడిగి, పసుపు కుంకుమ పెడుతున్నాం. జయరాముడు భక్తిగా ఆ లాక్ ఊడదీసి, పసుపు నీళ్లలో ముంచి కడిగి, బొట్టు పెట్టి, తడి తడిగానే మళ్లీ బిగించాడు. అంతే, సాఫ్ట్‌వేరు తెరుచుకోలేదు.

"నాడెను కడిగినట్ల దాన్ని కడిగితివా? నీ బుద్ధి యాడ పెట్టినావురా?" అని అరిచాను.

వాడు నన్ను పట్టించుకోలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "చెన్నప్పా, నాయన కొంగు లోపలే ఉండాది" అన్నాడు. ఆ గొంతు విని నాకు తిట్లు ఆగిపోయాయి.

కంపెనీకి ఫోన్ చేశాం. అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. లాక్‌తో ఒకసారి కొనేసే రకం ఇప్పుడు ఆపేశారట. ఇక నుంచి ఏడాదికోసారి కట్టాలి. కట్టగానే ఫోన్లో ఒక నంబరు చెబుతారు, అది కొడితే ఏడాది పాటు తెరుచుకుంటుంది. కట్టకపోతే ఏ డిజైనూ తెరుచుకోదు.

"మా నాయన గీసింది నేను చూసుకునేదానికి మిమ్మల్నడగల్లా?" అన్నాడు జయరాముడు.

"అంతే సార్" అన్నాడాయన.

కట్టాడు. తెరుచుకుంది. నెమళ్లు తెర మీదికి రాగానే వాడు ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. కానీ ఆ రోజు పట్టుకున్న భయం మళ్లీ వదల్లేదు. పొద్దున్నే ముఖం కడుక్కోకముందే కంప్యూటరు వేసి, ఉన్నాయో లేవో చూసుకునేవాడు. దసరా దగ్గర పడిందంటే అన్నం సహించేది కాదు. ఇంట్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. అంతకుముందు వీధి వీధంతా వినిపించేలా నవ్వేవాడు, ఆ నవ్వే పోయింది.

చివరికి గళ్ల కాగితాలు తెచ్చి, తెర మీద చూస్తూ ఒక్కో డిజైనూ మళ్లీ చేత్తో గీయడం మొదలుపెట్టాడు.

వాళ్ల ఆవిడ లక్ష్మీదేవి నన్ను పిలిచి, "కాయితంలోనించి పెట్టెలోకి ఎక్కించె, ఇప్పుడు పెట్టెలోనించి కాయితంలోకి దించుతాండాడు. మీ స్నేహితునికి గాలి గానీ సోకిందేమో చూడన్నా" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్లలో నీళ్లున్నాయి.

ఏళ్ల తరబడి గీశాడు. వాళ్ల నాయన కొంగు మాత్రం ఆఖరికి అట్టే పెట్టాడు.

"ముందు అది గియ్యరా, దండం పెడతా" అన్నాను.

"తొందరపడితే ఎట్ల చెన్నప్పా? దాంట్లో తప్పు పోతే నాయన మొగం ఎట్ల చూసేది? కుదురుగా గీస్తాలే."

ఆ ఏడే దసరాకు ముందు డబ్బు కడదామని చేస్తే కంపెనీ ఫోన్ ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఆ నంబరే లేదన్నారు. వాడు బెంగళూరు పరుగెత్తాడు. ఆ ఆఫీసు ఉన్నచోట ఎవరో బూట్లు అమ్ముతున్నారట. కంపెనీ ఏమైందో పక్కవాళ్లకూ తెలియదు. తిరిగొచ్చేసరికి గడువు దాటింది, తెర మూసుకుపోయింది. నెమళ్లు లోపలే ఉండిపోయాయి.

రెండు రోజులు వాడు ఆ తెర ముందు నుంచి లేవలేదు. నాకు భయమేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా మగ్గం మీద నేసిన ఆ ఒక్క చీర.

"లెయ్ రా, హిందూపురం పోదాం" అన్నాను.

పాసింజరు రైలెక్కాం. పెనుకొండలో ఒకాయన పెద్ద మూటతో ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమప్పా, మూటలో ఏముండాది?" అని అడిగాను ఊరికే.

"పాత పట్టుచీరలప్పా. కొని కాలుస్తాము. జరీలో వెండి మిగులుతాది. హిందూపురంలో బాగా దొరుకుతాయి."

జయరాముడు నా మణికట్టు పట్టుకున్నాడు. "నారాయణమ్మ అనే ఆయమ్మ దగ్గర కొన్నారా?" అన్నాడు.

"పేర్లు యాడ అడుగుతామప్పా?"

వాడు బతిమాలితే పాపం ఆయన మూట విప్పి చూపించాడు. నెమళ్లు లేవు. కానీ ఇదివరకే కాల్చినవాటి సంగతి ఎవరు చెబుతారు? హిందూపురం వచ్చేదాకా జయరాముడు నా చెయ్యి వదల్లేదు. నాకూ భయమే, పైకి మాత్రం వాణ్ణి కసురుతూ కూర్చున్నాను.

నారాయణమ్మ మమ్మల్ని గుర్తుపట్టి మజ్జిగ ఇచ్చింది. సంగతి చెప్పగానే, "ఆ చీరనా?" అని ఆలోచనలో పడింది. "పాతవి కొన్ని మొన్ననే ఇచ్చేస్తి కదప్పా... ఉండండి చూస్తా" అంటూ లోపలికి పోయింది. జయరాముడు గ్లాసు కింద పెట్టేశాడు. లోపల బీరువా తలుపు చప్పుడైంది. ఆమె ఎంతకీ రాలేదు. వాడు కళ్లు మూసుకుని, "నాయనా, నాయనా" అని గొణుగుతున్నాడు.

ఆమె వచ్చి మంచం మీద చీర పరిచింది. నెమళ్లు, గొలుసు, మొగ్గలు. ఒక్క పోగు కూడా చెదరలేదు.

జయరాముడు నేల మీద చతికిలబడి, సంచిలోంచి గళ్ల కాగితం తీశాడు. పోగులు లెక్కపెడుతూ గీయడం మొదలుపెట్టాడు. చీకటి పడే వేళకు సగమే అయింది. పెన్సిలు ఆపి, భయం భయంగా తలెత్తాడు.

"అమ్మా, ఇంకా అయిపోలేదు. రేపు మళ్లా వస్తే చూడనిస్తావా? దుడ్లు ఏమన్నా కట్టమంటే కడతా. ఎన్ని దినాలు చూడనిస్తావో చెప్పు, ఆలోపల గీసుకుంటా."

నారాయణమ్మ విచిత్రంగా చూసింది.

"దుడ్లేందప్పా? ఎన్ని దినాలేంది? కొనుక్కున్న చీర ఇది. నా చీర నేను తీసి చూపించేదానికి ఎవర్నడగల్ల?"

జయరాముడు ఆ కొంగులో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చాడు.