చెరువులో రొయ్యలున్నాయని ఎవరు చెప్పాలి?

మా ఇంటి తండ్రీకూతుళ్ల తెలివి చెబుతాను, ఇలా దగ్గరగా కూర్చుని వినండి.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. కైకలూరు దగ్గర మా చెరువులో చేపలకు పేను పట్టింది, ఒంటికి అతుక్కుని రక్తం పీల్చే పురుగు. ఆ పంటే మాకు ఏడాది తిండి. మావారు కొత్త మందు తెచ్చారు. మా అమ్మాయి సుజాత విజయవాడలో కెమిస్ట్రీ చదివేది. మందు పేరు చెబితే, అలాంటి పాత మందులతో పోల్చి, నీటిలో బతికేవాటికి ఎంత హానో కంప్యూటరు అంచనా వేస్తుందట. సెలవుకొచ్చినప్పుడు ఆ పేరూ, మోతాదూ రాసుకుని వెళ్లింది.

మర్నాడు ఫోన్ చేసి, "ఆ మోతాదులో చేపలకు భయం లేదు నాన్నా" అంది. ఆయన మందు కలుపుకుని, తడుస్తుందని ఫోను నాకిచ్చి పడవెక్కారు.

కాసేపటికి మళ్లీ మోగింది.

"అమ్మా, ఊరికే రొయ్యలక్కూడా చూశాను. వాటికి చాలా ప్రమాదమంటోంది. మనకు లేవుగా?"

"లేకేం! చేపలతోపాటే వదిలారుగా మీ నాన్న!"

"నాకెవరు చెప్పారమ్మా?"

గట్టు వెంట కేకలేస్తూ పరిగెత్తాను. నీళ్ల మోటారు మోతలో వినబడక, ఆయన నవ్వుతూ నాకు చెయ్యూపారు! కాలు జారి చెరువులో పడ్డాను. అప్పుడు గాని పడవ తిప్పలేదు మహానుభావుడు.

"నీకేమన్నా మతి పోయిందా?"

"రొయ్యలున్నాయని పిల్లకు చెప్పారా?"

"అదడిగిందా?"

మందు ఇంకా పోయలేదు కాబట్టి రొయ్యలు బతికాయి. అడిగినదానికి కంప్యూటరు సరిగ్గానే జవాబిచ్చింది. వీళ్లిద్దరే ఒకరినొకరు అడగరు, చెప్పరు, మధ్యలో తడిసేది నేను!

మీ ఇంట్లోవాళ్లు ఒకరి సంగతి ఒకరికి చెప్పుకుంటూ చల్లగా ఉండాలమ్మా.