నిలువు పిడి

నా కుడి చేయి భుజం దాటి పైకి లేవదు. తమిళనాడులోని ధర్మపురిలో ఒక కల్యాణ మండపానికి పూత పని జరుగుతున్నప్పుడు సారం మీది నుంచి పడ్డాను. గోడ పక్కన సరుగుడు కొయ్యలు కట్టి పలకలు పరిచే దాన్ని మా వైపు సారం అంటారు. అప్పటికి పదకొండేళ్లుగా మేస్త్రీలకు సిమెంటు అందించే కూలి పని చేస్తున్నాను. ఎముక అతుక్కుంది గాని కీలు బిగుసుకుపోయింది. తట్ట ఎత్తలేని ఆడమనిషికి ఆ పనిలో చోటు లేదు.

బస్టాండు దగ్గర ఒక ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడానికి మనిషి కావాలంటే చేరాను. యజమానికి డెబ్బై దాటాయి. మొదటి వారమంతా ఇద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. ఒకరోజు కత్తెర వేలికి తగిలి, “పోయిందిరా నా వేలు” అని నాలో నేనే గొణుక్కున్నాను. ఆయన చటుక్కున తల తిప్పాడు.

“ఏమ్మా, మీరు ఇంట్లో తెలుగు మాట్లాడతారా?”

“అవునయ్యా. మా తాతల తాతల నాటినుంచి ఈడనే ఉండాము.”

“మేమూ అంతే కదమ్మా! ముందే చెప్పల్ల కదా!”

ఆ రోజు నుంచి స్టూడియోలో మా ఇద్దరికీ మా మాటే. తెలుగు అక్షరాలు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఫోటోలు పెట్టిచ్చే కవర్ల వెనక రాసి చూపించేవాడు.

రెండో ఏడు ఆయన బీరువాలోంచి ఒక ఫిల్ము కెమెరా తీసి నా ముందు పెట్టాడు. స్టూడియోలో పనికి వాడేది డిజిటల్ కెమెరా. దాన్ని ముట్టుకోనివ్వలేదు. “దాంట్లో వెయ్యి నొక్కినా అడిగేవాళ్లు లేరు. నొక్కడమే వస్తుంది, చూడటం రాదు. దీంట్లో ముప్పై ఆరే. చూసి నొక్కుతావు” అన్నాడు. నలుపు తెలుపు రోళ్లు చెన్నై నుంచి కొరియర్‌లో తెప్పించేవాడు. స్టూడియో వెనక పాత చీకటి గది ఇంకా ఉంది. అక్కడే కడిగేవాళ్లం.

నా ఫోటోలన్నీ అడ్డంగానే ఉండేవి. మనిషిని నిలువునా తీయాలంటే కెమెరాను పక్కకు తిప్పాలి. అప్పుడు నొక్కే గుండీ పైకి పోతుంది, కుడి మోచెయ్యి చెవి దాకా లేవాలి. నాది లేవదు. గుండీ కిందికి వచ్చేలా అటువైపు తిప్పి బొటనవేలితో నొక్కి చూశాను. కెమెరా వణికి, మొహాలన్నీ నీళ్లలో కనబడినట్టు వచ్చాయి. అడ్డంగా తీస్తే ఒకరికి కాళ్లు తెగేవి, ఇంకొకరు మూలన చీమంత అయ్యేవారు. ఆయన ఏమీ అనేవాడు కాదు. నేనే సిగ్గుపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన నిచ్చెన వేసుకుని అటక మీద చాలాసేపు వెతికాడు. దుమ్ము కొట్టుకున్న ప్లాస్టిక్ డబ్బాతో దిగాడు. అందులో ఇటుకలో సగం ఉన్న నల్లటి వస్తువు.

“పెళ్లిళ్లకు పొయ్యేటప్పుడు వాడతా ఉంటిని. బరువని తీసి పెట్టేసినాను. నా బుద్ధికి ఇన్నాళ్లూ తోచలేదు చూడు” అన్నాడు.

అది కెమెరా అడుగున తగిలించే బ్యాటరీ పిడి. కెమెరాలో ఉన్న లావు బ్యాటరీ తీసేసి, పిడిలోంచి పొడుచుకొచ్చిన ముక్కను ఆ గుంటలో దూర్చి, పక్కనున్న చక్రం తిప్పితే మర బిగుసుకుంటుంది. ఆ లావు బ్యాటరీ కోసం మాటిమాటికీ సేలం పోవాల్సి వచ్చేది. పిడికి మాత్రం గోడ గడియారానికి వేసే పెన్ను బ్యాటరీలు నాలుగు చాలు, ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. రాగి రేకుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆయన రబ్బరుతో రుద్దాడు. బ్యాటరీలు వేసి, గుండీ నొక్కిపట్టాడు. ఫిల్ము లేని కెమెరా టకటకటకమని ఆగకుండా కొట్టుకుంది.

“బతికింది” అన్నాడు.

కెమెరాను నిలువుగా తిప్పి నా చేతిలో పెట్టాడు. పిడికి ఒక కొసన ఇంకో గుండీ ఉంది. నా కుడి చేయి కిందనే ఉంది, మోచెయ్యి పక్కటెముకలకు ఆనుకుని ఉంది. చూపుడు వేలు దానంతటదే ఆ గుండీ మీదికి పోయింది. కెమెరా అద్దంలోంచి చూస్తే ఆయన తెల్ల వెంట్రుకల నుంచి రబ్బరు చెప్పుల దాకా నిలువునా నిలబడి ఉన్నాడు. ఎక్కడా తెగలేదు. నొప్పి లేకుండా ఒక మనిషిని నిండుగా చూడవచ్చని నేను మరిచిపోయి ఉన్నాను.

“నొక్కమ్మా” అన్నాడు.

“ఫిల్ము లేదయ్యా.”

“లేకపోతే ఏమి? నొక్కు.”

నొక్కాను.

ఆ వారంలోనే మా అక్క ఫోను చేసింది. అక్క ఇప్పటికీ అదే కూలి పని చేస్తుంది. పాపారపట్టిలో ఒక ఇంటికి రెండో అంతస్తు స్లాబు వేస్తున్నారని, పని అయినాక అందరికీ మాంసం కూర భోజనమని చెప్పింది. “నీ కెమెరా తీసుకోని రా. మా గుంపును ఒక ఫోటో తియ్యి. నువ్వు ఉన్నప్పుడు తీసేవాళ్లు ఎవురున్నారు?” అంది. రోలు వేసుకుని పొద్దున బస్సెక్కాను.

నేను పోయేసరికి సగం స్లాబు అయింది. కాంక్రీటు పైకి మోసే లిఫ్టు మిషను నడుస్తోంది. ఆడవాళ్లు కంకర, ఇసుక కొలిచి కలిపే మిషనులో పోస్తున్నారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి తొమ్మిది ఫోటోలు తీశాను. మొదటి రెండుసార్లు గుండీ కదలకపోతే భయపడ్డాను. పిడి మీద చిన్న తాళపు మీట ఉంది, దాన్ని జరపడం మరిచాను. ఆ తర్వాత ఒక్కొక్క ఫోటోకూ వేలు చటుక్కున తీసేశాను.

పదకొండు గంటలప్పుడు లిఫ్టు మిషను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మేస్త్రీ గొలుసు లాగి చూశాడు, తిట్టాడు, తన్నాడు. కలిపిన కాంక్రీటు కింద ఉంది. పైన సగం పోసినది ఆరిపోతే అతుకు పడుతుంది, రేపు అక్కడే నీళ్లు కారుతాయి. ఆగడానికి లేదు.

“ఆడోళ్లంతా సారం ఎక్కండి! సీక్రం!” అని అరిచాడు.

వాళ్లు ఎక్కారు. చీరల మీద మగవాళ్ల చొక్కాలు, తలకు తువ్వాళ్లు. తొమ్మిది మంది, సారం పలకల మీద ఒకరి పైన ఒకరుగా, నేల నుంచి స్లాబు అంచు దాకా. మా అక్క నాలుగోది. కింద తట్ట నిండింది. పైకి పోవడం మొదలైంది.

నేను రోడ్డు అవతల కంకర కుప్ప ఎక్కి కెమెరా తిప్పాను. ఆ ఎత్తంతా, ఆ తొమ్మిది మందీ నిలువు ఫ్రేములో సరిగ్గా పట్టారు. అడ్డంగా పట్టుకుని ఉంటే ఆరుగురే దక్కేవారు. అంచు విరిగిన ఒక తట్ట రెండో ఆమె చేతుల్లోకి వచ్చింది. గుండీ నొక్కాను. నొక్కిన వేలు తీయలేకపోయాను. పదకొండేళ్లు ఆ వరసలో నిలబడ్డాను గాని వరసను చూసింది అప్పుడే. కెమెరా నా చెంపకు ఆనుకుని టకటకమని కొట్టుకుంటోంది. అది నాకు వినబడుతూనే ఉంది, ఆపాలని మాత్రం తోచలేదు. గుయ్యిమని ఒక శబ్దం వచ్చింది. రోలు అయిపోయి వెనక్కి చుట్టుకుంటోంది.

ఇరవై ఏడు ఫోటోలు, రెండు ఊపిర్లు తీసినంతలో. స్టూడియోలో పరీక్షించినప్పుడు ఆయన కెమెరా పైనున్న చక్రాన్ని, నొక్కినంతసేపూ వరసగా తీసే గుర్తు మీద పెట్టి మరిచిపోయాడు. నా దగ్గర ఇంకో రోలు లేదు. ఏడుపొచ్చింది. కుప్ప మీదనే కూర్చున్నాను. పని ఇంకో రెండు గంటలు సాగింది. ఒట్టి కళ్లతో చూస్తూ ఉండిపోయాను. మధ్యలో ఎవరో ఏదో అంటే తొమ్మిది మందీ నవ్వారు, తట్టలు మాత్రం ఆగలేదు.

మర్నాడు తలవంచుకుని జరిగింది చెప్పాను. ఆయన తప్పు తనదేనని నెత్తి కొట్టుకుని, “సరే, కడుగు పోదాం” అన్నాడు. కడిగి, తీగకు వేలాడదీసి, దీపం వేశాం.

ఫిల్ము ముక్కలన్నీ పక్కపక్కనే నిలువుగా వేలాడుతున్నాయి. నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా ఉన్నా అక్కను గుర్తుపట్టాను. ఒక బొమ్మలో అంచు విరిగిన తట్ట రెండో ఆమె దగ్గరుంది. తర్వాతి బొమ్మలో వేలెడు పైకి లేచింది. తర్వాత మూడో ఆమె చేతులు దాని కిందికి వచ్చాయి. తర్వాత అక్క. బొమ్మ తర్వాత బొమ్మ, ఏడో ఆమె దాకా. పక్కన ఇంకో మూడు తట్టలు అలాగే నడుస్తున్నాయి, ఒకటి ఖాళీగా కిందికి దిగుతోంది.

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. “అమ్మా, ఇట్ల రా. వీళ్లు యాడ చూస్తా ఉండారో చూడు” అన్నాడు.

చూశాను. ఇరవై ఏడింటిలో ఒక్కదాంట్లో కూడా ఎవరూ తట్టను చూడటం లేదు. ఎవరికి వారు తమ పైనున్న ఆమె చేతుల్ని చూస్తున్నారు. ఆ చేతులు పట్టుకున్నాయని కళ్లకు తెలిసేదాకా కింది చేతులు వదలడం లేదు. నేనూ అలాగే చూసి ఉంటాను, వేలసార్లు. తట్టనే చూసేదాన్నని అనుకునేదాన్ని. నా ఒంటితో నేను చేసిన పని నాకు తెలియదు.

“ఇంత పనా ఇది!” అన్నాడాయన మెల్లగా. “ముప్పై ఏండ్లు పెండ్లిండ్లు తీస్తిని. ఇట్లాంటిది ఒక్కటీ తియ్యలే.”

బొమ్మలన్నీ చిన్నగా ఒకే కాగితం మీదికి ఎక్కించి అక్కా వాళ్ల దగ్గరికి తీసుకుపోయాను. భోజనాల వేళ. చేతులు కడుక్కుని చుట్టూ చేరారు.

“నేనేనా ఇది? నోరు అట్ల తెరుచుకోని ఉంటానా?” అంది అక్క.

“ఎప్పుడూ అంతే నువ్వు” అన్నారు పక్కవాళ్లు.

ఆ గుంపులో అందరికంటే పెద్దామె మొదటి బొమ్మ మీద వేలు పెట్టి తట్ట వెంబడి ఒక్కొక్క బొమ్మే జరుపుకుంటూ పోయింది. వేలు చివరి బొమ్మ దాకా పోయి అక్కడే ఉండిపోయింది.

“పడలేదు చూడండిమే. ఎవరూ పడనీలేదు” అంది.

అక్క నా బిగుసుకుపోయిన భుజం మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

మూడు బొమ్మలు ఆయన నిలువుగా పెద్దవి చేసి స్టూడియో అద్దాల్లో పెళ్లి ఫోటోలు తీసేసి పెట్టాడు. ఒక ఆదివారం తొమ్మిది మందీ బస్సులో వచ్చారు. పండగ చీరలు కట్టుకున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. రోడ్డు మీదే నిలబడి, ఒకరి భుజం మీది నుంచి ఒకరు చూశారు. దారిన పోయే ఒకాయన ఆగి, ఇది ఏ ఊరు, వీళ్లెవరు అని తమిళంలో అడిగాడు. అక్క ఆయనకేసి తిరిగి, పైన పని చొక్కా లేని తన పట్టు చీరను ఒకసారి చూసుకుని, “నాంగదాన్” అంది. మేమే.