ఐర్లండు క్యాసెట్టుకు ఒక్క నిమిషం

ఈస్టరు తెల్లవారుజామున నూట పద్నాలుగు మందిని సమాధుల తోటలోంచి కొల్లేటి గట్టు దాకా పరుగెత్తించిన మనిషిని నేనే. అంకె తప్పు కాదు. తలలు స్వయంగా లెక్కపెట్టాను.

అది 2003. మండవల్లి దగ్గర మా ఊళ్ళో లెక్కల టీచరుగా రిటైరై, చర్చి క్యాసెట్ల బీరువా తాళం బొడ్లో దోపుకుని తిరుగుతున్న యాభై తొమ్మిదేళ్ళ అహంకారిని. కొత్త క్యాసెట్టు ఏది వచ్చినా వాచీ చూసుకుంటూ సరిగ్గా ఒక్క నిమిషం వినేదాన్ని. బాగుంటే నంబరు వేసి, రిజిస్టరులో "యోగ్యం" అని రాసేదాన్ని. భక్తిపాట మొదటి నిమిషంలో ఎలా ఉంటే చివరిదాకా అలాగే ఉంటుందని నా ఇరవయ్యేళ్ళ అనుభవం.

ఆ ఏడాది పాస్టరుగారు మెత్తగా అన్నారు. "టీచరుగారూ, ఈసారి పాటల పని కుర్రాళ్ళకి అప్పజెబుదామాండీ? మీరూ అలిసిపోయారు."

"ఒక్క తప్పు దొర్లితే తాళం తెచ్చి మీ చేతిలో పెడతానండీ" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

పూర్వం మా మిషను ఆసుపత్రిలో పనిచేసిన ఐర్లండు నర్సమ్మగారు ఏటా ఒక అట్టపెట్టె పంపేవారు. కొల్లేటి ఉక్కలో మాకు ఉన్ని స్వెట్టర్లు, వాటి మడతల్లో స్తోత్రగీతాల క్యాసెట్లు. ఆ పెట్టెలోంచి గుండుసూది వచ్చినా మాకు పవిత్రమే. ఈసారి ఒక క్యాసెట్టు అట్ట మీద ముగ్గురు మనుషులు. భుజాల దాకా జుట్టు, మాసిన గడ్డాలు, నలభై రోజులు ఉపవాసమున్న చూపులు. సువార్త సోదరులే అనుకున్నాను. పెట్టి విన్నాను. నీటి మీద పడవ జారినట్టు ఒక్క గిటారు, గొణుగుతున్న సన్నని గొంతు. నిమిషం అయింది. రాశాను: "212. ఐర్లండు సోదరులు. పశ్చాత్తాప గీతాలు. యోగ్యం."

మా దగ్గర ఈస్టరు ఆరాధన పొద్దు పొడవకముందే, సమాధుల మధ్యే. ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటారు. ఆ రోజు కొల్లేటి మీంచి మంచు పాకివచ్చి నడుముల దాకా నిలిచింది. సమాధులు కనబడవు. మనుషులూ కనబడరు. కొవ్వొత్తులు మాత్రం గాలిలో తేలుతున్నాయి. మైకు సెట్టు హారనుని దేవదానంగారి కొత్త సమాధి వెనక పెట్టించాను. సంఘపెద్ద దేవదానంగారు పోయి అప్పటికి నలభై ఒక్క రోజులు. ఆయన భార్య మరియమ్మగారు సమాధికి ఆనుకుని కూర్చున్నారు.

పాస్టరుగారు మృతుల పునరుత్థానం గురించి రెండు మాటలు చెప్పి కళ్ళు మూసుకున్నారు. నేను 212 పెట్టి మీట నొక్కాను.

మొదటి నిమిషం దివ్యంగా గడిచింది. ఒక నిమిషం పన్నెండో సెకనులో నేల మూలిగింది.

లోపలినుంచి ఎవరో రాతిపలకను ఈడుస్తున్నట్టు గిటార్లు. మూత తెరవమని బాదుతున్నట్టు డ్రమ్ములు. ఆపైన ఒక మగగొంతు, గుక్క తిప్పుకోకుండా ఒకటే కేక. అదంతా సరిగ్గా దేవదానంగారి సమాధిలోంచే. కొవ్వొత్తులన్నీ ఒక్కసారే పైకి లేచాయి.

"ఓరి నాయనో, లేచేశారర్రా!" అని ఎవరో అరిచారు. ఆ తరవాత మంచులో కాళ్ళ చప్పుడు తప్ప మాటల్లేవు. పాస్టరుగారివి చెప్పులు మాత్రమే మిగిలాయి.

కదలనిది మరియమ్మగారొక్కరే. కొంగు తల మీదికి లాక్కుని సమాధి వైపు తిరిగారు.

"వచ్చేశారాండీ? ఇంత పొద్దున్నేనా? ఇంట్లో కాఫీకి పాలైనా లేవండీ!"

సమాధి ఇంకా గట్టిగా అరిచింది.

"కోప్పడకండీ! మీ సైకిలు మా తమ్ముడికిచ్చేశాను. ఇవాళే తెచ్చేస్తానండీ!"

బిగుసుకుపోయిన నా వేలు అప్పటికి కదిలింది. ఆపేశాను.

మర్నాడు పాస్టరుగారి అమ్మాయి సునీత క్యాసెట్టు అట్ట పట్టుకుని ఏలూరులో నెట్ సెంటరుకి వెళ్ళి వచ్చింది. "టీచరమ్మగారూ, వీళ్ళది రాక్ బ్యాండండీ. తొంభైల్లో వచ్చిన మొదటి ఆల్బం. పాపం, అంత బాగా చేసినా ఎవరూ పట్టించుకోలేదంట."

"మా ఊళ్ళో నూట పద్నాలుగు మంది పట్టించుకున్నారని వాళ్ళకి రాయమ్మా."

మాట ప్రకారం తాళం పాస్టరుగారి చేతిలో పెట్టాను. నిమిషం కాకుండానే తిరిగిచ్చేశారు. "మీ దగ్గరే ఉంచండి. ఆ బీరువాలో ఇంకా ఏమున్నాయో చూసే ధైర్యం కుర్రాళ్ళకి లేదంటండీ."

ఆ సాయంత్రం మరియమ్మగారు వచ్చారు. క్షమాపణ చెప్పబోయాను.

"ఆ క్యాసెట్టు ఓసారి ఇప్పిస్తారాండీ?"

"అది మీవారు కాదండీ. ఐర్లండు వాళ్ళు."

"తెలుసండీ, సునీత చెప్పింది. కాఫీ ఆలస్యమైతే మావారు అచ్చం అలాగే అరిచేవారు. నలభై రెండు రోజులైంది, ఇంట్లో చప్పుడన్నది లేదండీ."

ఇచ్చాను. నా రిజిస్టరులో "తిరిగి ఇచ్చిన తేదీ" గడి ఖాళీగా ఉన్నది 212కి ఒక్కదానికే. అడగలేదు. "యోగ్యం" కొట్టెయ్యనూ లేదు.

కొల్లేటి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: రెండువైపులా ఆసాంతం వినకుండా ఇక ఏ క్యాసెట్టుకూ యోగ్యత రాయను. అంతేకాదు, మంచు పట్టిన ఉదయాల్లో మరియమ్మగారి ఇంట్లోంచి ఆ గిటారు మెల్లగా వినిపిస్తే, ఆగి పలకరించను. వాచీ చూసుకుంటాను. నేల మూలిగేలోగా వీధి మలుపు తిరగడానికి నాకు డెబ్బయి రెండు సెకన్లు ఉన్నాయి.