పసుపు తగిలిన డిస్కు

మా మామగారు నగరిలో నలభై ఏళ్ళకు పైగా చీరల అంచులకు డిజైన్లు గీశారు. గళ్ళ కాగితం మీద ఆయన ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోతే, దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండను మగ్గానికి ఎక్కిస్తే అంచులో హంసలో, మామిడిపిందెలో దిగుతాయి. ఆ గళ్ళ కాగితాలను రెండు ట్రంకుపెట్టెల్లో తిరుపతికి తెచ్చుకుని, పదకొండు ఆదివారాలు కూర్చుని స్కాన్ చేశాను. వారానికి నూట ఎనిమిది చొప్పున పది వారాలు, పదకొండో వారం నూట ఆరు. మొత్తం 1,186. డైరీలో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

పెట్టెలు తిరిగి నగరికి వెళ్ళాయి. ఆ ఏడు వానలు వెలిసిన తరువాత తెరిచి చూస్తే, కాగితాలన్నీ చెదల పాలైపోయి ఉన్నాయి. మామగారు ఫోనులో ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి అడిగారు.

"నీ దగ్గిర ఉండాయి గదప్పా?"

"ఉన్నాయి మామా."

ఆ ఒక్క మాటతో ఆయన జీవితకాలపు పని నా బల్ల మీదికి చేరింది. మరునాడే ఒకే కంపెనీవి, ఒకే రకానివి రెండు హార్డ్ డిస్కులు కొని స్కాన్లన్నీ ఎక్కించాను. బయట నుంచి వైరుతో తగిలించేవి. ఒకదానిని చూసి రెండోదాన్ని అచ్చంగా దానిలా చేసే ప్రోగ్రామ్ ఒకటి పెట్టి, రోజూ సాయంత్రం ఆరింటికి అది నడిచేలా ఏర్పాటు చేశాను. మొదటిదానిలో ఉన్నది రెండోదానిలో ఉంటుంది. మొదటిదానిలో లేనిది రెండోదానిలోనూ ఉండదు. ఈ రెండో వాక్యం బరువు నాకు అప్పట్లో తెలియలేదు. డిస్కుల మీద '1', '2' అని రాసిన కాగితం చీటీలు అంటించాను. తెర మీద కనిపించే పేర్లను మార్చలేదు. రెండింటికీ కంపెనీ పెట్టిన పేరే. కొన్నాళ్ళకు పాత కంప్యూటరును ఇచ్చివేస్తూ అందులోని ప్రతిని కూడా చెరిపేశాను. రెండు చోట్ల ఉండగా మూడోది ఎందుకనుకున్నాను.

ఆయుధపూజ వచ్చింది. మా ఆవిడ మగ్గాల ఇంట పుట్టిన మనిషి. ఆ ఇంట్లో మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడెనూ నూలు చుట్టే కండెలనూ కత్తెరనూ కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టనిదే బొరుగులు పంచరు. మా ఇంట్లో ఆ రోజు మిక్సీ, కుట్టుమిషను, నా స్కూటరు, సుత్తి అన్నీ వరస కట్టాయి.

"ఏమండీ, ఆ డబ్బాలు రెండూ గూడా ఈడికి తెండి. మా నాయన పనంతా వాటిలోనే ఉండాది గదా. వాటికి పెట్టకుండా సుత్తికి పెడతారా యాడన్నా?"

కాదనడానికి కారణం కనిపించలేదు. తెచ్చి పీట మీద పెట్టాను. ఆమె పసుపును నీళ్ళతో పలచగా కలిపి రెండింటికీ పూసి, కుంకుమ అద్దింది. నేను చూసి ఊరుకోలేకపోయాను.

"దీనికి మూడు బొట్లు, దానికి రెండే. సమంగా పెట్టు."

"ఈ మనిషికి దేవుడి దగ్గిర గూడా లెక్కే" అంటూ ఆమె మళ్ళీ పసుపునీళ్ళలో వేలు ముంచి, కుంకుమ అద్దుకుని, మొదటి డిస్కుకు మూడో బొట్టు పెట్టింది. ఆ చుక్కే జారి వైరు గుచ్చే రంధ్రంలోకి దిగింది. అడిగి పెట్టించుకున్నది నేను.

మరునాడు వైరు తగిలిస్తే మొదటి డిస్కులో చలనం లేదు. రిపేరు దుకాణంలో దాన్ని విప్పిన ఆయన, లోపలి పసుపు మరకను నాకు చూపించాడు.

"ఏంది సార్ ఇది, పులిహోర చేసినారా దీంట్లో?"

ఇక పనికిరాదన్నాడు. నేను కంగారు పడలేదు. ఇలాంటి రోజు కోసమే కదా రెండు కొన్నది. అదే రకం డిస్కు కొత్తది తెచ్చి, రెండోదానితో పాటు తగిలించి, ప్రోగ్రామ్ తెరిచాను. ఏది అసలు, ఏది నకలు అని అడిగింది. తెర మీద రెండూ ఒకే పేరుతో పక్కపక్కన ఉన్నాయి. చీటీ పసుపునీళ్ళకు ఊడిపోయింది, ఉన్నా అది తెర మీద కనిపించేది కాదు. ఎడమ పక్కన ఉన్నదే ఇన్నాళ్ళూ అసలు కదా అని దాన్నే అసలుగా చూపించి మీట నొక్కాను.

తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. కుడివైపు 1,186 ఫైళ్ళు తొలగించబడతాయి, కొనసాగించాలా?

అలాంటి హెచ్చరికలను చదవకుండా సరేననే అలవాటు నాకూ ఉంది. కానీ ఆ అంకె నాకు తెలుసు. పదకొండు ఆదివారాల అంకె అది. వేలు మీట మీద నుంచి తీసి, చేయి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. నేను అసలుగా చూపించినది ఖాళీగా ఉన్న కొత్త డిస్కు. సరే అని ఉంటే, ఆ ప్రోగ్రామ్ నిండుదాన్ని ఎంతో నమ్మకంగా ఖాళీదానిలా చేసి పెట్టేది.

వద్దని నొక్కి, మూడు బొట్లున్న డిస్కు వైరు లాగాను. కుడివైపు పేరు మాయమైంది. బొట్లున్నదే నిండుది. మళ్ళీ తగిలించి, దాన్ని అసలు చేసి, ఈసారి వచ్చిన వాక్యాన్ని రెండుసార్లు చదివాను: 1,186 ఫైళ్ళు చేర్చబడతాయి. నలభై నిమిషాల తరువాత రెండు వైపులా లెక్క సరిపోయింది. అప్పటికి గాని చొక్కా వీపుకు అంటుకుని ఉందని తెలియలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి నా మొహం చూసింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు" అన్నాను. ఆ మాట అంత హాయిగా నేనెప్పుడూ అనలేదు.

మామగారికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముందు నవ్వారు, తరువాత తిట్టారు.

"రెండూ ఒకే ఇంట్లో, ఒకే పీట మీదనా పెట్టినావు? మేము అట్టలు రెండు జతలు కొట్టిస్తాం. ఒకటి మగ్గం పైన, ఇంకోటి పక్కవీధిలో మా అన్న ఇంట్లో. యాడన్నా అగ్గి పడితే రెండిండ్లకీ ఒక్కసారే పడదు గదా. ఇంత సదువుకున్నోడివి, ఆమాత్రం తెలీదా?"

కాగితాలకు రెండో జత లేకపోయిందన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆయనే అందుకున్నారు.

"కాగితాలకి నేనూ ఆ పని సెయ్యలేదు, ఏం సేస్తాం."

ఆ ఆదివారమే మూడో డిస్కు కొని అందులోకి అన్నీ ఎక్కించి, డిస్కుల పేర్లు మార్చి, నగరి బస్సెక్కాను. మామగారి ముందు లాప్‌టాప్ తెరిచి ఆయన అడిగిన హంసల అంచు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని తెరకు దగ్గరగా వంగి, వేలితో గళ్ళు లెక్కపెడుతూ పోయి, ఒకచోట ఆగారు.

"ఈడ సూడు, ఒక గడి తప్పు నింపినాను. ఈ హంసకి ముక్కు సొట్ట. అదీ అట్నే ఉండాది."

"దిద్దమంటారా మామా?"

"వద్దప్పా. ఉండనీ."

డిస్కును కవరులో పెట్టి, అన్నగారింటికి తానే నడిచి వెళ్ళి బీరువాలో పెట్టించి వచ్చారు. కవరు మీద ఆయన పెట్టింది ఒకే ఒక్క బొట్టు, అదీ పొడి కుంకుమతో.