మూడు బ్యాండ్ల సెట్టు

మా ఇంట్లో ఎవరు కొత్త ఫోను కొనాలన్నా, ఏ కంపెనీ నెట్టు వేయించుకోవాలన్నా ముందు నన్నే అడుగుతారు. పాతకాలం సైన్సు డిగ్రీ ఉంది కదా, తెలుస్తుందని. నేను చెప్పను. "మీకేం కావాలో మీకే తెలియాలి, నన్నడిగితే నాకు నచ్చింది చెబుతా" అని విసుక్కుంటాను. ముసలాయనకు చాదస్తం పెరిగిందని నవ్వుకుంటారు. నవ్వనీ. ఒక మనిషికి ఏం కొనాలో నేనొకసారి చెప్పాను. ఆ ముచ్చట మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

డెబ్బైల చివర్లో సంగతి. వరంగల్ బజారులో మాది దర్రీల, అంటే నూలు జంపఖానాల, దుకాణం. కొత్తవాడ నుంచి నేతగాళ్లు దర్రీలు భుజాన వేసుకొని వచ్చేవాళ్లు. నేను హన్మకొండలో బీఎస్సీ చదువుతూ, సాయంత్రాలు దుకాణంలో కూర్చొనేవాణ్ని. కూర్చోవడం అంటే కూర్చోవడమే, పని చేసిన పాపాన పోలేదు.

మా నాయన నాకు నేర్పిన వ్యాపారం పెద్దగా లేదుగాని, ఒక్క మాట మాత్రం చాలాసార్లు చెప్పాడు. "నేతోళ్లు మన గడపల నోరు తెరిచి ఏదీ అడగరు. ఏదో ఒకటి చేతుల పట్టుకొని వస్తరు, ఇచ్చి నిలబడతరు. నిలబడ్డరంటే ఏదో ఉన్నట్టు. కూసోబెట్టి అడుగు. ఏం లేదంటరు. రెండోసారి అడుగు. అప్పుడు చెప్తరు." ఆయన అలాగే అడిగేవాడు. ఒకాయన నాలుగు సీతాఫలాలు తెచ్చిచ్చి నిలబడితే, రెండోసారి అడిగాక, కూతుర్ని దవాఖానలో చేర్చిన సంగతి బయటపడింది.

ఆ నేతగాళ్లలో ఒకాయన్ని నేను అన్నా అని పిలిచేవాణ్ని. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నెమ్మదస్తుడు. ఆ వానాకాలం హైదరాబాద్ రేడియో వాళ్లు కొత్తవాడకు రికార్డింగు మిషను తీసుకొచ్చి, ఆయన తల్లితో బతుకమ్మ పాటలు మూడు పాడించుకొని పోయారు. పండుగ రోజుల్లో వేస్తాం, ఏ రోజన్నది ఉత్తరం రాస్తాం అన్నారట. తల్లి తన గొంతు తాను వినాలని ఆశపడింది. ఇంట్లో రేడియో లేదు. అందుకని ఒకరోజు ఒక చిన్న దర్రీ తెచ్చి మా నాయన ముందు పెట్టి నిలబడ్డాడు. నాయన రెండోసారి అడిగాడు. "జర చిన్న సేటును నా ఎంబడి పంపుండ్రి. రేడియో ఏది మంచిదో నాకు తెల్వది" అన్నాడు.

నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఇద్దరం హన్మకొండ పోయాం. రేడియో దుకాణం ఆయన ఒక చిన్న సెట్టు తీసి పెట్టాడు. ఒకటే బ్యాండు, రెండే మరలు: ఒకటి స్టేషను తిప్పడానికి, ఒకటి సౌండుకు. "హైదరాబాద్ మంచిగ గుంజుతది. ముసలామెకు గిదే ఆసాన్" అన్నాడు. మంచి మాట. ఆ మాటకు నేను నవ్వాను కూడా.

ఎందుకంటే నా చూపు అప్పటికే పై అరలో ఉన్న మూడు బ్యాండ్ల సెట్టు మీద ఉంది. తోలు కేసు, పొడుగ్గా బయటికి వచ్చే ఏరియల్, ముందు పలక నిండా అంకెలు. అలాంటిది కొనిపెట్టమని నేను ఏడాదిగా మా నాయన ప్రాణం తీస్తున్నాను. చదువు పాడవుతుందని ఆయన కొననంటే కొననన్నాడు. దాన్ని దింపించి, బల్ల మీద పెట్టించి, పాఠం మొదలుపెట్టాను. షార్ట్‌వేవ్ అంటే ఏమిటో, ఎక్కడెక్కడి స్టేషన్లు వస్తాయో చెప్పాను. అన్న అంతా విని ఒక్కటే అడిగాడు.

"మా అమ్మ పాట దీంట్ల వస్తదా, చిన్న సేటూ?"

"దీంట్లో లోకమంతా వస్తది, అన్నా" అన్నాను.

అదే కొన్నాడు. పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కాయితం నేనే నింపాను. అప్పట్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి, లేకుండా దొరికితే జుర్మానా. ఆ చిన్న పుస్తకంలో తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. చూపిస్తే దాని మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు.

వారం తిరక్కముందే సెట్టును పాత దర్రీ ముక్కలో చుట్టుకొని దుకాణానికి వచ్చాడు. "గరగర తప్ప ఏం వస్తలేదు. మా అమ్మ ఫికర్ పడుతాంది" అన్నాడు. నేను చేతిలోకి తీసుకున్నాను. సెట్టుకు ఏ రోగమూ లేదు. బ్యాండు మార్చే మీట ఎవరి చెయ్యో తగిలి పక్కకు జరిగింది, అంతే. బొటనవేలితో ఒక్క తోపు తోసి, ఇదిగో అన్నా, ఇక్కడుంచాలి అని చెబితే అయిపోయేది.

చెప్పలేదు. మొహం ముడిచి, సెట్టును చెవి దగ్గర పెట్టుకొని ఊపి, "ఉంచిపో అన్నా, జర చూడాలె" అన్నాను.

ఆ సాయంత్రం నుంచి అది మా మేడ మీద గదిలో ఉంది. రేడియో సిలోన్ స్టేషను పెట్టుకొని హిందీ పాటలు వినేవాణ్ని. మా నాయన అడిగితే, బాగు చేస్తున్నా, పరీక్షగా పెట్టి చూస్తున్నా అన్నాను. ఒకటి రెండు రోజుల్లో ఇచ్చేద్దామనే అనుకున్నాను. ప్రతి రోజూ అలాగే అనుకున్నాను. పన్నెండు రోజులు గడిచాయి.

బతుకమ్మ పండుగ వచ్చింది. చివరి రోజైన సద్దులకు ఇంకా రెండు రోజులుందనగా, సాయంత్రం అన్న మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ దుకాణానికే తప్ప ఇంటికి రాని మనిషి. నేను మెట్ల మీద ఉన్నాను. వారంలో ఆ ఒక్క రోజే సిలోన్‌లో కొత్త పాటలు వరుసగా వేస్తారు, ఇంకాసేపట్లో మొదలవుతుంది. సెట్టు పైన అప్పటికే పాడుతోంది. అన్న జేబులోంచి లైసెన్సు పుస్తకం తీశాడు.

"రేడియో మీ తాననే ఉన్నది గదా. కాయితం మా ఇంట్ల ఉంటె ఎట్ల? తనిఖీ చేసేటోళ్లు వస్తె మీకు తక్లీఫ్ అయితది. గిది గూడ ఉంచుకోండ్రి."

తీసుకున్నాను. మంచి పని చేశావన్నా అని కూడా అన్నాను. అతను కదల్లేదు. మేడ వైపు ఒకసారి చూసి, "అమ్మ మిమ్ముల యాది చేసింది" అన్నాడు.

"సరే అన్నా, అడిగినన్నని చెప్పు" అని పైకి వెళ్లిపోయాను.

ఒక మనిషి చేతిలో ఏదో పట్టుకొని వచ్చి, ఇచ్చి, నిలబడ్డాడు. రెండోసారి సంగతి అటుంచి, నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సాయంత్రం తలుపు వేసుకొని, సెట్టును ఒళ్లో పెట్టుకొని పాటలన్నీ విన్నాను.

మర్నాడు దుకాణంలో మా నాయన అన్నను అడిగాడు. "మీ అమ్మ పాట ఎప్పుడేస్తరట?"

"నిన్న పొద్దుగూకినంక ఏసిండ్రు గావచ్చు, సేటు. గట్లనే ఉత్తరం వచ్చింది."

"గావచ్చు అంటవేంది? వినలేదా?"

"సడక్ మీది చాయ్ హోటల్ కాడికి పోయినం. హోటలాయన గిరాకీ కోసం సినిమా పాటలు పెట్టిండు. మారుస్తనన్నడు గని, మరిచిపోయిండు. అమ్మ హోటల్ లోపలికి రాదు గదా, సడక్ అవతల నిలబడ్డది. జరసేపు చూసి వచ్చినం."

"ఇంట్ల రేడియో పెట్టుకొని హోటల్ కాడికెందుకు?"

"చిన్న సేటు బాగు చేస్తాండు" అన్నాడు అన్న. నా వైపు చూడకుండా అన్నాడు.

మా నాయన మాత్రం చూశాడు. అతను వెళ్లేదాకా ఆగి, "నిన్న ఇంటికొచ్చిండట గదా. అడిగినవా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన మళ్లీ లెక్కల పుస్తకంలోకి వంగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటికప్పుడు సెట్టును, లైసెన్సును సైకిలుకు కట్టుకొని కొత్తవాడ పోయాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను: నిజం చెప్పేస్తాను, సెట్టుకు ఏమీ కాలేదవ్వా, నేనే ఉంచుకున్నా అని. అన్న మగ్గం దగ్గర ఉన్నాడు. అతని తల్లి గుమ్మంలో కూర్చొని తంగేడు పూలు తుంపుతోంది. నన్ను చూసి లేవబోయింది. నేను మీట సరిచేసి హైదరాబాద్ పెట్టాను. ఎవరో వార్తలు చదువుతున్నారు. ఆమె మొహం వెలిగిపోయింది.

"మంచిగ చేసినవ్ బిడ్డా. ఏమైందట దానికి?"

"వైరు ఊడింది" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"పోనీ తియ్యి. నీ తాన ఉండుడే మంచిగైంది, నువ్వన్నా విన్నవ్. విన్నవా బిడ్డా, నా పాట?"

మగ్గం చప్పుడు ఆగింది.

"విన్నానవ్వా" అన్నాను.

"ఏది ఏసిండ్రు? మూడు పాడిన."

ఏ పాటలు పాడిందో నాకేం తెలుసు? "మూడూ వేశారు" అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నడిమిది గూడనా? దాంట్ల నాకు దగ్గొచ్చింది. గది తీసెయ్యిండ్రి సారూ అని వాళ్లను ఎంత బతిమిలాడిన్నో."

"దగ్గు వినబడలేదవ్వా. గొంతు మంచిగుంది."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "విన్నవారా? మూడు ఏసిండ్రంట. దగ్గు వినబడలేదంట." ఆ మాట చెప్పడానికి పక్కింటి గడపలోకి కూడా పోయింది.

అన్న మగ్గం మీదనే కూర్చొని ఉన్నాడు. నిన్న సాయంత్రం మా మెట్ల కింద నిలబడ్డవాడు. మేడ మీద ఏ పాటలు మోగుతున్నాయో తన చెవులతో విన్నవాడు. నా మొహంలోకి ఒకసారి చూశాడు.

"అవునే అమ్మా" అన్నాడు బయటికి వినబడేలా. "చిన్న సేటు విన్నడట."

మళ్లీ నేత మొదలుపెట్టాడు.