కొసరుకు ఖరీదు

తిరుమలగిరిలో మా వీధి మలుపున బండి మీద కూరగాయలు అమ్మే ఆమె, తూకం అయ్యాక ఒక కొత్తిమీర కట్ట నా సంచిలో పడేసేది. వద్దన్నా వినేది కాదు. "కొసరు బిడ్డా, వద్దనద్దు," అనేది.

ఊరంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెంట పరుగెడుతున్న రోజులవి. బోయిన్‌పల్లి మార్కెట్లో ధరలు కనుక్కోవడానికి ఆమె కూడా సెల్‌ఫోన్ కొంది. నెల తిరక్కుండానే, ఆమెకు ఫోన్ చేస్తే ఏదో సినిమా పాట వినిపించడం మొదలైంది. దానికి బ్యాలెన్స్‌లోంచి ముప్పై రూపాయలు కోసేశారు. తోడు రమ్మని నన్ను ఫోన్ కంపెనీ ఆఫీసుకు లాక్కెళ్లింది.

కౌంటర్లో ఉన్నతను కంప్యూటర్ చూసి, "మీరే ఏదో బటన్ నొక్కి ఉంటారమ్మా. పాట తీసేస్తాను, పోయిన డబ్బు మాత్రం రాదు," అన్నాడు. నేను సరేనని లేవబోయాను. నా ఫోన్‌లోనూ మూడు నెలలుగా అలాగే కోస్తుంటే నోరెత్తని మనిషిని నేను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పాట నేను అడిగిన్నా సారూ? అడగకుంట ఇచ్చేదాన్ని కొసరంటరు. ఇరవై ఏండ్ల సంది ఇస్తున్న. కొసరుకు ఎవరన్న పైసలు గుంజుతరా?"

వెనక వరుసలో ఎవరో "నాయి సుత గుంజిండ్రు!" అని అరిచారు. వరుస వరుసంతా కౌంటర్ మీదికి వచ్చింది. లోపలి నుంచి మేనేజర్ పరుగున వచ్చి ఆమె డబ్బు వెనక్కి వేయించాడు.

బ్యాలెన్స్ నాతో చదివించుకున్నాకే ఆమె లేచింది. సంచిలోంచి ఒక కొత్తిమీర కట్ట తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇగో, కొసరంటే గిట్లుంటది. జెర నేర్చుకోండ్రి."