రాహేలు మేడమ్ అడిగిన ఒక్క మాట

తార్నాక క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా చనిపోతే, శవపెట్టె మూసే ముందు వాళ్ల జీవితాన్ని ఒక కాగితం మీద రాసి అందరి ముందూ చదువుతారు. దాన్ని లైఫ్ స్కెచ్ అంటారు. ఎక్కడ పుట్టారు, బాప్తిస్మం ఎప్పుడు, పెళ్లి ఎవరితో, పిల్లలెందరు, సంఘానికి ఏం సేవ చేశారు, ప్రభువునందు ఏ రోజు నిద్రించారు. చాలా ఏళ్లపాటు ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా మొదటి కబురు రాహేలు మేడమ్‌కే వచ్చేది. ఫ్రీజర్ బాక్సు ఇంకా దారిలో ఉండగానే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రాయడానికి కూర్చునేవారు. తాగి తాగి లివర్ పాడై పోయినవాడు ఆవిడ చేతిలో స్నేహశీలి అయ్యేవాడు. అన్నదమ్ములతో ఇరవై ఏళ్లు మాటల్లేనివాడు మితభాషి అయ్యేవాడు. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు.

ఎంబసీలో నేర్చుకున్న విద్యంతా శవాల మీదే ఖర్చయిపోయింది కరుణా, అని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు, కోపం వచ్చేది. నాకు కోపం కొంచెం తొందరగానే వస్తుంది. మా నాయన గట్టయ్య పోలిక.

మాది జనగామ దగ్గర పల్లె. యూనివర్సిటీలో ఎమ్మే రాజనీతిశాస్త్రం చదువుతూ, అడిక్‌మెట్‌లో నలుగురు ఆడపిల్లలం ఒక గదిలో ఉండే రోజుల్లో మేడమ్ మాకు దౌత్యం పేపరు చెప్పారు. రిటైరయ్యే ముందు ఆవిడ చివరి బ్యాచ్ మాదే. క్లాసులో ఇద్దరిని ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి, నువ్వొక దేశం, నువ్వొక దేశం, మధ్యలో నది, తగువు తీర్చుకోండి అనేవారు. నా వంతు వచ్చినప్పుడు ఇంగ్లీషు రాక నోరు పెగల్లేదు. మీ ఊళ్లో బావి నీళ్ల కోసం కొట్లాట చూడలేదా, ఇదీ అంతే, నీ మాటల్లోనే మాట్లాడు అన్నారు. మాట్లాడాను. మగపిల్లలు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. దేశాలు కూడా ఇట్లాగే పోట్లాడుకుంటాయి, కాకపోతే కోట్లు వేసుకుంటాయి అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆవిడ మనిషిని.

ఆవిడ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వచ్చేవారు. నేనూ వెంట నడిచేదాన్ని. ఊపిరి అందినప్పుడు చెప్పేవారు, అందనప్పుడు ఆపేవారు.

మేడమ్ బాపట్ల దగ్గర ఒక బడిపంతులు కూతురు. హైదరాబాదు వచ్చి ఇదే యూనివర్సిటీలో చదివి, అరవైల చివర్లో పరీక్ష రాసి విదేశాంగ సర్వీసులో చేరారు. అప్పటికి ఆ సర్వీసులో ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తూర్పున ఒక చిన్న దేశంలో మన ఎంబసీకి పంపారు. సరిహద్దు దాటారని అక్కడివాళ్లు మన జాలర్లను పట్టుకుంటే, వాళ్లను విడిపించే చర్చలకు వెళ్లింది ఈవిడే. అవతలి అధికారులు చేతికి టీ ఇచ్చి, మీ ఆఫీసరు ఎప్పుడొస్తారని అడిగారట. ఈవిడ టీ తాగి, కప్పు కింద పెట్టి, ఇక మొదలుపెడదామా అన్నారట. జాలర్లు ఇళ్లకు చేరారు. ఈ సంగతి చెప్పేటప్పుడు మేడమ్ నడక తెలియకుండానే వేగమయ్యేది, నేను పరుగెత్తాల్సి వచ్చేది.

తర్వాత పెళ్లి. జాన్సన్ సారు ఇక్కడే ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నెమ్మదస్తుడు, తాగడు, గట్టిగా మాట్లాడడు. ఆ రోజుల్లో ఆ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. పెళ్లి పనికి అడ్డం వస్తుందనుకుంటే రాజీనామా కూడా అడగొచ్చు. మగవాళ్లకు ఈ బెడద లేదు. మేడమ్ అనుమతి తీసుకున్నారు. రాజీనామా ఎవరూ అడగలేదు. పెళ్లికని సెలవు పెట్టి, కట్టుకోవడానికి నాలుగు చీరలు తెచ్చుకుని వచ్చారు. మిగతా సామానంతా అక్కడే ఉంది.

పెళ్లయిన వారానికి వాళ్ల నాన్నా, జాన్సన్ సారూ కలిసి కూర్చోబెట్టి చెప్పారు. రేపెప్పుడో వాళ్లు పొమ్మంటే పరువు పోతుంది, అడగకముందే మనమే ఇచ్చేస్తే మర్యాద అని. మేడమ్ వద్దన్నారు. రెండు రోజులు అన్నం తినలేదు. జాలర్లను విడిపించిన మనిషి తనను విడిపించుకోలేకపోయారు. మూడో రోజు సంతకం పెట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, మేడమ్ రచ్చ గెలిచి వచ్చి ఇంట ఓడారు.

కొన్ని నెలల తర్వాత ఓడలో ట్రంకు పెట్టె వచ్చింది. అందులో చీరలు, పుస్తకాలు, సగం అరిగిన సబ్బు. తిరిగి వెళ్లి వాడుకుందామని వదిలిపెట్టి వచ్చిన సబ్బు అది. ఆ మాట చెప్పిన రోజు ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాక చౌరస్తా దాకా ఊరికే నడిచాం.

కొన్నేళ్లకు అదే సర్వీసులో ఇంకొకావిడ కోర్టుకెక్కింది, ఆ నిబంధన పోయింది. రేడియోలో విని మేడమ్ సారుతో, నేనూ అడుగుతా, మళ్లీ తీసుకుంటారేమో అన్నారట. పాపకు టీకా వేయించాలి కదా, అది చూడు ముందు అన్నారట సారు. తిట్టలేదు, వద్దనలేదు. అంత మెత్తగా మాట్లాడే మనిషితో దెబ్బలాడటం ఎట్లాగో ఏ దేశమూ నాకు నేర్పలేదు కరుణా, అన్నారు మేడమ్.

పాప బడికి వెళ్లే వయసుకు మేడమ్ యూనివర్సిటీలో లెక్చరర్‌గా చేరారు. ఆ ఉద్యోగం చేసుకుంటూనే ఒకసారి, సెలవు పెట్టి, కార్పొరేషన్ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డారు. వార్డులో ఆడమనిషి నిలబడటం అదే మొదలు. స్లిప్పులు పంచడానికి శిష్యులు బౌద్ధనగర్ గల్లీలన్నీ తిరిగారు. చిన్న తేడాతో ఓడారు. ఓడినందుకు కాదట బాధ. ఓట్లడగడానికి వెళ్లిన ప్రతి ఇంట్లో, సారును పంపండమ్మా, ఆయనతో మాట్లాడతాం అన్నారట. ఆ తర్వాత ఆవిడ దేనికీ నిలబడలేదు. బైబిలు, క్లాసు, చనిపోయినవాళ్ల లైఫ్ స్కెచ్‌లు. అంతే.

ఆ స్కెచ్‌ల్లో ఒకటి నాకు మింగుడుపడలేదు. రామంతాపూర్‌లో ఒక నర్సు పోయింది. మంచి ఉద్యోగం మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారని ఆమె బతికున్నన్నాళ్లూ ఏడ్చింది. అది మేడమ్‌కు తెలుసు. అయినా ‘కుటుంబం కోసం ఉద్యోగాన్ని సంతోషంగా త్యాగం చేసిన ధన్యురాలు’ అని రాశారు. ఇదేంది మేడమ్, అబద్ధం కదా అని అడిగాను. మొగుడు ముందు వరసలో కూర్చుని ఉంటాడు కదే, ఏం రాయమంటావు అన్నారు. ఆ వాక్యం అందరికీ నచ్చింది. తర్వాత ఏ ఆడమనిషి పోయినా అది రాయమని అడగడం మొదలుపెట్టారు. మేడమ్ రాసిచ్చారు.

నిరుడు మేడమ్‌కు పొట్టలో గడ్డ అని తేలింది. అప్పటికే ఆలస్యమైంది. నేను మా డిపార్ట్‌మెంటులోనే కాంట్రాక్టు మీద అదే దౌత్యం పేపరు చెబుతున్నాను. ఎనిమిది మంది తీసుకున్నారు ఆ పేపరు. ఎనిమిది మందీ కానిస్టేబుల్ పరీక్షకో గ్రూప్స్‌కో చదువుకుంటూ, హాస్టల్ సీటు కోసం పేరు ఉంచుకున్నవాళ్లే. ఎదురెదురు కుర్చీలు వేసి కూర్చోబెడితే ఫోన్లు చూసుకుంటారు. ఒకప్పుడు మేడమ్ ఫొటో అయినా ఉండేది గోడ మీద. రంగులు వేసినప్పుడు తీశారు, మళ్లీ పెట్టలేదు. ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఎవరావిడ అన్నారు. మేడమ్ తర్వాత ఏమీ మిగలదని నాకు అప్పుడే అర్థమైంది. అది ఆవిడకు చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తెలుసుననుకుంటా.

ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. సారు లోపల నిద్రపోతున్నారు. మేడమ్ ముందు గదిలో మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. మొహం పిడికెడయింది. కూర్చోమని సైగ చేశారు.

“నా స్కెచ్ రెబెకా చదువుతుంది. ఏం చదువుతుందో నాకు తెలుసు. నేను నేర్పిన వాక్యమే చదువుతుంది” అన్నారు. రెబెకా అక్క వాళ్ల ఒక్కతే కూతురు, రామంతాపూర్‌లో ఉంటుంది.

అక్కతో మాట్లాడమంటారా అని అడిగాను.

“నువ్వు మాట్లాడినా అది వినదు. నువ్వు కాగితం మీద ఏమీ రాయకు. రాస్తే దిద్దుతారు. నోటితో చెప్పు. రాహేలు ఉద్యోగం వదులుకోలేదు, వదిలించారు. ఈ ఒక్క మాట చాలు. జాన్సన్ గారు వింటుండగా చెప్పాలి.”

ఆవిడ నన్ను ఇంకేమీ అడగలేదు ఎప్పుడూ. పుస్తకాలిచ్చారు, ఫీజు కట్టారు, ఉద్యోగానికి సిఫారసు రాశారు. తిరిగి అడిగింది ఇదొక్కటే. చెబుతానని మాటిచ్చాను. చెయ్యి పట్టుకుంటే ఎముకలు తగిలాయి. బయటికి వచ్చి ఆటో ఎక్కేదాకా ఏడుపు ఆపుకున్నాను, ఎక్కాక ఆపుకోలేదు.

మేడమ్ వర్షాకాలంలో పోయారు. వాళ్లింటికి వెళ్లేసరికి హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, పాటలు. రెబెకా అక్కను వంటింట్లోకి తీసుకెళ్లి మేడమ్ మాట చెప్పాను. ఆ వాక్యం తీసెయ్యక్కా, ఆవిడ అడిగిన మాట పెట్టు అని బతిమాలాను. అక్క ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. అక్కకు అంతా తెలుసని అప్పుడు తెలిసింది.

“నాన్నకు ఎనభై ఆరేళ్లు కరుణా. అమ్మ పోయిన రోజే ఆయన్ని అందరి ముందూ దోషిని చేస్తావా? ఆయన తట్టుకోలేడు” అంది.

అక్క అన్నది న్యాయంగానే ఉంది. మేడమ్ అడిగిందీ న్యాయంగానే ఉంది. నేను అబద్ధమాడను, సారు చనిపోతారేమోనని నిజంగానే భయపడ్డాను.

చర్చిలో పెట్టె ముందు పెట్టారు. సారు ముందు వరసలో, తెల్లచొక్కా వేసుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. రెబెకా అక్క చదివింది. బాపట్ల, బాప్తిస్మం, ప్రభుత్వంలో కొంతకాలం ఉద్యోగం, కుటుంబం కోసం దాన్ని సంతోషంగా త్యాగం చేసిన ధన్యురాలు. ఆ దేశం, ఆ జాలర్లు, ఆ ఎన్నిక, ఒక్కటీ లేదు. ప్రభుత్వంలో కొంతకాలం ఉద్యోగం అట. ఏ ఆఫీసులో టైపు చేసినా అదే మాట సరిపోతుంది. నా భయం అక్కడే పోయింది. కోపం వచ్చి కూర్చుంది.

ఎవరైనా రెండు మాటలు చెప్పొచ్చని పాస్టర్ గారు అన్నప్పుడు లేచాను. మైకు అందుకుంటే నాకు మా ఊరి మాటే వచ్చింది.

“నేను మేడమ్ స్టూడెంట్‌ని. మేడమ్ నాకొక మాట అప్పజెప్పిన్రు, గది చెప్పిపోతా. మేడమ్ ఉద్యోగం వదులుకోలే. వదిలించిన్రు. ఆమెకు ఇష్టం లేకుండె. రెండు దినాలు అన్నం తినలే. ఆ బాధ ఆమెకు చచ్చేదాకా పోలే. ఇది నా మాట కాదు, ఆమె మాట.”

రెబెకా అక్క తల వంచుకుంది. సారు నన్నే చూస్తున్నారు. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక ఏమైనా కానీ అనుకుని మైకు ఇచ్చేశాను.

పాస్టర్ గారు మైకు అందుకుని గొంతు సవరించుకున్నారు.

“విన్నారు కదా సంఘమా. ఇష్టం లేకపోయినా, లోపల అంత బాధ పెట్టుకుని కూడా, ఆ తల్లి కుటుంబానికి లోబడింది. ఇష్టంగా ఇచ్చేది ఎవరైనా ఇస్తారు. ఏడుస్తూ ఇచ్చిందే నిజమైన త్యాగం. మన ఆడపిల్లలకు ఎంత గొప్ప మాదిరి. దేవునికి స్తోత్రం.”

ఆమెన్ అంది చర్చి అంతా. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్లు తుడుచుకుని, ఎంత చక్కగా చెప్పావే అని నా వీపు నిమిరింది. అందరూ పాట అందుకున్నారు. నేను పెట్టె వైపు చూడలేకపోయాను.

సమాధుల తోటలో చినుకులు పడుతున్నాయి. గుంట చుట్టూ గొడుగులు. నేను వెనక నిలబడ్డాను. సారు కర్ర పొడుచుకుంటూ బురదలో నా దగ్గరికే వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండు అనుకున్నాను, కనీసం మేడమ్ మాట తగిలిందని తెలిసేది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

“బాగా చెప్పావమ్మా. మా కోసం ఎంత వదులుకుందో ఇవాళ అందరికీ తెలిసింది” అన్నారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

“వదులుకోలే సార్. వదిలించిన్రు అన్న నేను” అన్నాను.

“అవునమ్మా, అదే” అని మెత్తగా తలూపి, నా భుజం తట్టి, పిడికెడు మన్ను వేయడానికి ముందుకు కదిలారు. ఆయనకు చెవుడు లేదు. యాభై ఏళ్లకు పైగా మేడమ్ ఈ మాట ఈ మనిషికి చెబుతూనే ఉండి ఉంటారు. ఆయన ఇట్లాగే తలూపుతూ ఉండి ఉంటారు.